లఘువు, గురువు, ప్రయాణకాలం

మన కవిత్వంలోకి సైన్సు మాటలు వచ్చి చాలా కాలమైంది. పరమాణువు, కాంతి సంవత్సరం, కృష్ణబిలం, క్వాంటం ఇవన్నీ ఇవాళ ఉపమానాలుగా చెలామణీలో వున్నాయి. 2012 జూలై 4న జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలవారు హిగ్స్ బోసాన్‌ను పోలిన కొత్త కణం దొరికిందని ప్రకటించాక ఆ జాబితాలో ఇంకో మాట చేరింది: "దైవకణం". పత్రికలు వాడాయి, పత్రికల్ని చూసి మనవాళ్ళూ వాడారు. లియోన్ లెడర్‌మాన్ అనే శాస్త్రజ్ఞుడు 1993లో వచ్చిన తన పుస్తకానికి పెట్టిన పేరు అది. ఆ పేరులోని దేవుడు పుస్తకం అట్టమీదివాడే గాని ప్రయోగంలో తేలినవాడు కాదు.

అయితే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆ నామవాచకం కాదు, దాని పక్కన వచ్చే క్రియ. "కణం కనిపించింది" అంటారు. ఎవరికి కనిపించింది? ఎక్కడ కనిపించింది? కథకుడు ఒక పాత్రను లోభి అని చెపితే మనం ఊరుకోం. ఏ పనివల్ల అతని లోభం బయటపడిందో చూపించమంటాం. చూపించకపోతే అది రచయిత అభిప్రాయమే గాని పాత్ర స్వభావం కాదంటాం. అదే ప్రశ్న కణాల విషయంలో ఎందుకు వెయ్యం? ఇది కేయాన్, ఇది ప్రోటాన్ అని శాస్త్రజ్ఞుడు చెప్పినప్పుడు, ఏ చర్యవల్ల దాని గుర్తింపు బయటపడింది?

నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ణి కాను. తెలుగు ఎం.ఏ. చదివి, బడిలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అంచేత కణ భౌతికశాస్త్రం మొత్తాన్ని ఇక్కడ ఎత్తుకోను. కణాల్ని గుర్తుపట్టడానికి వాళ్ళు వాడే అనేక పద్ధతుల్లో ఒకదాన్ని, కణం ప్రయాణానికి పట్టిన కాలాన్ని కొలిచే పద్ధతిని, నాకు బోధపడిన మేరకు వివరిస్తాను. దీన్నే ఎంచుకోవటానికి కారణం, ఛందస్సు చదువుకున్నవాళ్ళకి ఇది మిగతావాటికన్న త్వరగా అందుతుందని నాకు తోచటం.

సెర్న్‌లోని ఎల్.హెచ్.సి. యంత్రం 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో వుంది. అందులో ఎదురెదురుగా తిరిగే ప్రోటాన్లను గాని, సీసం కేంద్రకాలను గాని ఢీకొట్టిస్తారు. రెండు సీసం కేంద్రకాలు సూటిగా ఢీకొన్నప్పుడు వేల కణాలు పుట్టుకొస్తాయి. వాటిలో చాలా రకాలు పుట్టినచోటే విరిగిపోతాయి. కొన్ని మీటర్ల దూరం బతికి బట్టకట్టి శోధక యంత్రాల్ని చేరేవి కొద్ది రకాలే. విద్యుదావేశం వున్నవాటిలో ముఖ్యమైనవి పయాన్లు, కేయాన్లు, ప్రోటాన్లు, వీటితోబాటు ఎలక్ట్రాన్లు, మ్యూయాన్లు. (ఆవేశం అన్నప్పుడు మన కవుల ఆవేశం గుర్తుకు రావటం సహజం. పరిభాష తయారుచేసినవాళ్ళు మనతో ఆ పాటి పరాచికం ఆడారు. ఇక్కడ దాని అర్థం ధన, రుణ విద్యుత్తు మాత్రమే.)

ఇవన్నీ వాయువులోంచి పోతూ గీసే గీతలు చూడటానికి ఒకే మాదిరిగా వుంటాయి. గీతమీద పేరు రాసి వుండదు. శోధకం చుట్టూ అయస్కాంత క్షేత్రం వుంటుంది కాబట్టి ప్రతి గీతా వంగుతుంది. అటు వంగితే ధనావేశం, ఇటు వంగితే రుణావేశం. ఎక్కువ వంగితే ద్రవ్యవేగం తక్కువ, తక్కువ వంగితే ద్రవ్యవేగం ఎక్కువ. ద్రవ్యవేగం అంటే, నెమ్మదిగా పోయే వస్తువుల విషయంలో, ద్రవ్యరాశినీ వేగాన్నీ హెచ్చవేస్తే వచ్చేది. చిక్కంతా ఇక్కడే వుంది. నెమ్మదిగా వచ్చే ధాన్యం బండికీ, వేగంగా వచ్చే సైకిలుకీ ద్రవ్యవేగం ఒకటే కావచ్చు. గీత వంపు ఒక్కటే చూసి బండి ఏదో సైకిలు ఏదో చెప్పలేం. రెండో కొలత కావాలి. ఆ రెండో కొలత వేగం. తెలిసిన దూరాన్ని దాటటానికి కణానికి ఎంతసేపు పట్టిందో కొలిస్తే వేగం తెలుస్తుంది. వేగమూ ద్రవ్యవేగమూ రెండూ తెలిస్తే ద్రవ్యరాశి తెలిసిపోతుంది. పయాన్ ద్రవ్యరాశి, కేయాన్ ద్రవ్యరాశి, ప్రోటాన్ ద్రవ్యరాశి వేరువేరని ముందే తెలుసు కాబట్టి, ద్రవ్యరాశి తెలియటమంటే పేరు తెలియటమే.

ఛందస్సులో మనం చేసేదీ ఇదే. లఘువు అంటే తేలికైనది, గురువు అంటే బరువైనది. ఆ బరువును ఎవరూ త్రాసులో వేసి తూచలేదు. పలకటానికి ఒక మాత్ర కాలం పడితే లఘువు, రెండు మాత్రలు పడితే గురువు. కాలాన్ని బట్టి బరువు చెపుతున్నాం. మన పూర్వులకి కణ భౌతికశాస్త్రం తెలుసని చెప్పటానికి నేనీ పోలిక తేలేదు. అలాంటి వాదాలు మనకి ఇప్పటికే అవసరానికి మించి వున్నాయి. కాలం ద్వారా బరువును నిర్ణయించటమనే ఆలోచన తెలుగు విద్యార్థికి కొత్తది కాదని చెప్పటమే నా ఉద్దేశం. పోలిక ఎక్కడ చెడిపోతుందో కూడా కాసేపట్లో చెపుతాను.

ముందు లెక్క చూద్దాం. ఎల్.హెచ్.సి. మీది నాలుగు పెద్ద ప్రయోగాల్లో అలీస్ ఒకటి. సీసం కేంద్రకాల తాకిడిని పరిశీలించటానికే దాన్ని ప్రధానంగా కట్టారు. తాకిడి జరిగే బిందువుకి 3.7 మీటర్ల దూరంలో, పీపాలాగా చుట్టూ, ప్రయాణకాల శోధకం వుంది. ఈ 3.7 మీటర్లు దాటటానికి కాంతికి 12.34 నానోసెకన్లు పడుతుంది. నానోసెకను అంటే సెకనులో వందకోట్లో వంతు. మా బడిపిల్లల స్కేలు 30 సెంటీమీటర్లు. కాంతి ఆ స్కేలు ఈ కొసనుంచి ఆ కొసకి పోవటానికి పట్టే కాలమే నానోసెకను. అందులో వెయ్యో వంతు పికోసెకను.

ద్రవ్యవేగం 1 గిగా ఎలక్ట్రాన్ వోల్టు వున్న మూడు కణాలు ఒకేసారి బయలుదేరాయనుకుందాం. పయాన్ 12.46 నానోసెకన్లలో వస్తుంది. కేయాన్ 13.76లో, ప్రోటాన్ 16.92లో వస్తాయి. ప్రోటాన్‌కి పట్టిన కాలాన్ని కాంతికి పట్టే కాలంతో భాగించండి, 1.371 వస్తుంది. దాన్ని వర్గం చేసి అందులోంచి ఒకటి తీసివేస్తే 0.88. దాని వర్గమూలం 0.938. దాన్ని ద్రవ్యవేగంతో, అంటే ఇక్కడ ఒకటితో, హెచ్చవేస్తే అదే 0.938. ప్రోటాన్ ద్రవ్యరాశి సరిగ్గా అంతే. ఎక్కాలు వచ్చినవాడెవడైనా చెయ్యగల లెక్క ఇది. ఈ లెక్క చూశాక కణం గుర్తింపు గురించి మార్మికంగా మాట్లాడటం నాకు మాత్రం సాధ్యం కాదు.

ఇక పోలిక చెడిపోయే చోటు. ఛందస్సులో గురువు ఎప్పుడూ లఘువుకి రెట్టింపే, పద్యం నెమ్మదిగా చదివినా వేగంగా చదివినా. ప్రకృతిలో అలా కాదు. ఏ కణమూ కాంతి వేగాన్ని మించలేదు. దాని ద్రవ్యవేగం పెరుగుతున్నకొద్దీ వేగం ఆ హద్దు దగ్గిరికి చేరి, ఇక పెరగటానికి చోటులేక ఆగిపోతుంది. తేలిక కణమూ బరువు కణమూ రెండూ ఆ హద్దు పక్కన ఇంచుమించు సమానంగా పరుగెత్తుతాయి. ద్రవ్యవేగం 3 అయితే పయాన్‌కీ కేయాన్‌కీ మధ్య తేడా 150 పికోసెకన్లు మాత్రమే. 5 అయితే 55 పికోసెకన్లే. గురువు లఘువులాగే వినిపిస్తుందన్నమాట. అంచేత ఈ పద్ధతికి బలమంతా గడియారంలో వుంది. గడియారం ఎంత సున్నితమైతే అంత వేగమైన కణాల్ని విడదీయగలం.

50 పికోసెకన్లు అనే కాలాన్ని ఊహించటం కష్టం. సెకనుతో పోల్చితే అది ఎంత చిన్నదో, సుమారు 630 సంవత్సరాలతో పోల్చితే ఒక సెకను అంత చిన్నది. శ్రీనాథుని కాలం నుంచి ఇప్పటిదాకా గడిచినదాంట్లో ఒక్క సెకను.

ఈ పద్ధతి కొలైడర్లకన్న పాతది. దీనికి పేరు తెచ్చిన ప్రయోగం 1955లో అమెరికాలోని బర్కిలీలో జరిగింది. బెవట్రాన్ అనే యంత్రంలో ప్రోటాన్లను రాగి లక్ష్యం మీదికి కొట్టి, అందులోంచి ప్రతిప్రోటాన్లు వస్తాయా అని సెగ్రే, ఛాంబర్లిన్, వీగాండ్, ఇప్సిలాంటిస్ అనే నలుగురు చూశారు. ప్రతిప్రోటాన్ అంటే ప్రోటాన్ అంత బరువే వుండి, ఆవేశం మాత్రం రుణంగా వుండేది. ఒకే ద్రవ్యవేగం వున్న రుణకణాల్ని అయస్కాంతాలతో ఏరి, సుమారు 12 మీటర్ల ఎడంలో పెట్టిన రెండు మెరుపు ఫలకాలగుండా పంపారు. కణం తగిలితే ఫలకం చిన్నగా మెరుస్తుంది. మొదటి మెరుపుకీ రెండో మెరుపుకీ మధ్య పయాన్‌కి 40 నానోసెకన్లు పట్టింది. 51 నానోసెకన్లు పట్టినవే వాళ్ళు వెతుకుతున్నవి. ఒక్క ప్రతిప్రోటాన్‌కి 40 వేలకు పైగా పయాన్లు వచ్చే చోట ఆ 11 నానోసెకన్ల ఆలస్యాన్ని పట్టుకోవాలి.

ఇక్కడ వాళ్ళు పడిన జాగ్రత్త నాకు ప్రయోగం కన్న ఎక్కువ ఆసక్తిగా తోచింది. ఒక పయాన్ మొదటి ఫలకాన్ని తాకి, దాని వెనకాలే వచ్చిన మరో పయాన్ రెండో ఫలకాన్ని తాకితే? గడియారం ఇద్దరు మనుషుల్ని ఒకే మనిషిగా లెక్కవేసి 51 అని చూపించవచ్చు. ఆ మోసాన్ని కనిపెట్టడానికి వేగాన్ని వేరే విధంగా పరీక్షించే చెరెంకోవ్ సాధనాలను కూడా దారిలో పెట్టారు. ఒక సాక్షి చెప్పినదాన్ని, అతనితో సంబంధం లేని రెండో సాక్షి చెపితేనే నమ్మారు. సెగ్రే, ఛాంబర్లిన్‌లకి 1959లో నోబెల్ బహుమతి వచ్చింది.

బర్కిలీలో రెండు ఫలకాలు సరిపోయాయి. కొలైడర్‌లో కణాలు అన్ని దిక్కులకీ చిమ్ముకొస్తాయి కాబట్టి సుమారు 140 చదరపు మీటర్ల వైశాల్యాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి కప్పాలి. మెరుపు ఫలకాలతో ఆ పని చేయాలంటే ఖర్చు మోయలేనిది. పైగా మెరుపును చదివే మామూలు కాంతి నాళికలు అయస్కాంత క్షేత్రంలో సరిగా పనిచెయ్యవు. దీనికి దారి చూపించినవి చాలా చవకైన వస్తువులు: మామూలు గాజు పలకలు, చేపల్ని పట్టే నైలాన్ గాలపు దారం.

1981లో ఇటలీలో సాంటోనికో, కార్డరెల్లి అనేవారు నిరోధక పలకల శోధకాన్ని చేశారు. రెండు పలకల మధ్య వాయువు నింపి, ఎక్కువ వోల్టేజి పెడతారు. ఆవేశం వున్న కణం వాయువులోంచి దూసుకుపోతూ కొన్ని ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అవి బలమైన విద్యుత్ క్షేత్రంలో పరుగెత్తి మరికొన్నిటిని ఊడగొడతాయి, అవి ఇంకొన్నిటిని. క్షణంలో చిన్న పిల్లకాలువ వరదవుతుంది. ఆ వరదే మనకి అందే సంకేతం. పలకలు విద్యుత్తును సులభంగా పోనివ్వవు కాబట్టి వరద గట్టు తెంచుకుని మెరుపుగా మారదు.

ఇందులో ఒక వైరుధ్యం వుంది. పలకల మధ్య సందు వెడల్పుగా వుంటే కణం ఎక్కడో ఒకచోట ఎలక్ట్రాన్లను తప్పక ఊడగొడుతుంది. కాని ఎక్కడ ఊడగొట్టిందో నిలకడ వుండదు కాబట్టి వరద ఒకసారి ముందు, ఒకసారి వెనక వస్తుంది. కాలం కొలత చెడుతుంది. సందును ఇరుకు చేస్తే కాలం నిక్కచ్చిగా తెలుస్తుంది, కాని కణం ఏమీ ఊడగొట్టకుండానే జారిపోవచ్చు. 1996లో క్రిస్పిన్ విలియమ్స్, ఆయన సహచరులు సందును ఇరుకుగానే వుంచి, సందుల సంఖ్యను పెంచారు. ఒకదానిలో తప్పించుకున్నా మరోదానిలో దొరుకుతుంది. మధ్యలోని గాజు పలకలకు ఏ తీగా తగిలించరు. వాటంతట అవే సరైన వోల్టేజికి సర్దుకుంటాయి. గాజు సంకేతానికి అడ్డురాదు కాబట్టి అన్ని సందుల్లోని చిన్న వరదలూ కలిసి బయటి గడుల మీద ఒకే సంకేతంగా పడతాయి.

అలీస్ శోధకంలో ఒక్కొక్క పట్టీలో ఇలాంటి సందులు పది. ఒక్కొక్క సందు 250 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నాలుగో వంతు. ఆ సందు అంతటా సమానంగా వుండటానికి, అదే మందం వున్న గాలపు దారాన్ని పలకల మధ్య అటూ ఇటూ లాగి కట్టారు. 1593 పట్టీలు, ఒక్కొక్క పట్టీకి 96 గడులు, మొత్తం 1,52,928 గడులు. ఒక్కొక్క గడి 2.5 సెంటీమీటర్ల వెడల్పు, 3.5 సెంటీమీటర్ల పొడవు. పట్టీల్ని ఇటలీలోని బొలోన్యాలో చేశారు. (అలీస్‌లో మన దేశంవాళ్ళూ వున్నారు. ఫోటాన్ల సంఖ్యను లెక్కించే శోధకం కోల్‌కతా సంస్థల నాయకత్వంలో తయారైంది.) పట్టీ ఒంటరిగా 50 పికోసెకన్లకన్న నిక్కచ్చిగా కాలం చెపుతుంది. తీగలు, బయలుదేరిన క్షణం వగైరాల అనిశ్చితినంతా కలుపుకుంటే మొదట 80 దగ్గిర వుండేది, 2015 తరవాతి విడతలో 60కి లోపు తెచ్చారు.

బయలుదేరిన క్షణం అన్నాను. అదీ ఒక సమస్యే. చేరిన క్షణం మాత్రమే తెలిస్తే ప్రయాణకాలం తెలియదు. తాకిడి క్షణాన్ని చెప్పే వేరే సాధనాలున్నాయి గాని, అవి లేకపోయినా పని జరిగే ఉపాయం ఒకటుంది. తాళపత్రంలో శిథిలమైన పద్యాన్ని పరిష్కరించేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక్క పాదం చూసి ఛందస్సు చెప్పలేం, అది రెండు మూడు వృత్తాలకి కుదరవచ్చు. నాలుగు పాదాలూ పెట్టుకుని ఏ వృత్తానికి అన్నీ కుదురుతాయో చూస్తాం. అలాగే ఒకే తాకిడిలోంచి వచ్చిన అనేక కణాల్ని తీసుకుని, ఇది పయాన్ అయితే, అది కేయాన్ అయితే, ఇంకోటి ప్రోటాన్ అయితే అని అన్ని విధాలా ఊహించి, ఏ ఊహలో అందరూ ఒకే క్షణంలో బయలుదేరినట్టు తేలుతుందో చూస్తారు. ఆ క్షణమే తాకిడి క్షణం. ఇందులో ఒక ప్రమాదమూ వుంది. ఏ కణాన్ని గుర్తించదలిచామో దాన్నే తీసుకొచ్చి తాకిడి క్షణానికి సాక్ష్యంగా పెడితే, చెప్పినదాన్నే తిప్పి చెప్పినట్టవుతుంది. అంచేత ఆ కణాన్ని పక్కనపెట్టి మిగతావాటితో లెక్క కడతారు. మన సాహిత్య చరిత్రలో కవి కాలాన్ని కావ్యంతోనూ, కావ్యకాలాన్ని కవితోనూ నిర్ణయించిన వ్యాసాలు నేను చదివాను. ఆ వ్యాసకర్తలకి ఈ నియమం చెప్పాలనిపిస్తుంది.

ఇంత చేసినా "ఇది కేయాన్" అని ఎవరూ ప్రమాణం చెయ్యరు. కేయాన్ అయితే ఇంత కాలం పట్టాలి, పట్టింది ఇంత, తేడా గడియారం పొరపాటుకి ఎన్ని రెట్లు అని చూస్తారు. తేడా తక్కువైతే కేయాన్ అయ్యే అవకాశం ఎక్కువ. పయాన్, కేయాన్లు ద్రవ్యవేగం సుమారు 2.5 దాకా, కేయాన్, ప్రోటాన్లు సుమారు 4 దాకా బాగా విడిపోతాయి. ఆపైన మసక. అక్కడ వాయువులో కణం వదిలిన శక్తివంటి ఇతర సాక్ష్యాలు కావాలి. కేయాన్లు ఎన్ని, ప్రోటాన్లు ఎన్ని అన్న నిష్పత్తులు తెలిస్తేగాని, సీసం కేంద్రకాలు కరిగి క్వార్కులు, గ్లూయాన్ల ద్రవంగా మారాయా, ఆ ద్రవం ఎలా ప్రవహించింది అన్నది తేలదు.

ఈ పద్ధతి పండించిన పంటలో రెండు చెపుతాను. అమెరికాలోని బ్రూక్‌హావెన్‌లో బంగారం కేంద్రకాలను ఢీకొట్టించే కొలైడర్ మీద స్టార్ అనే ప్రయోగం జరిగింది. అక్కడా ఇలాంటి గాజు పలకల శోధకమే. 2011లో వాళ్ళు సుమారు వందకోట్ల తాకిడుల్ని వెతికి, హీలియం-4 కేంద్రకానికి ప్రతిరూపమైన ప్రతిహీలియం-4 కేంద్రకాలు 18 దొరికాయని ప్రకటించారు. వాయువులో వదిలిన శక్తిని బట్టి చూస్తే హీలియం-3, హీలియం-4 ఒకదాని మీద ఒకటి పడిపోయే చోట వాటిని విడదీసింది ప్రయాణకాలమే. 2015లో అలీస్ వాళ్ళు డ్యూటెరాన్‌నీ దాని ప్రతిరూపాన్నీ, హీలియం-3నీ దాని ప్రతిరూపాన్నీ ఇదే గడియారంతో పోల్చి, కొలత అందినంత మేరకు ద్రవ్యరాశుల్లో తేడా లేదని చూపించారు.

ఓటమి కూడా ఒకటి చెప్పాలి. 2011 సెప్టెంబరులో ఒపేరా అనే మరో రకం ప్రయోగంవారు, సెర్న్‌నుంచి 730 కిలోమీటర్ల దూరంలోని ఇటలీ ప్రయోగశాలకి న్యూట్రినోలు కాంతికన్న సుమారు 60 నానోసెకన్లు ముందే చేరినట్టు కనిపిస్తున్నదని చెప్పారు. ఐన్‌స్టీన్ ఓడిపోయాడని పత్రికలు కేకలు పెట్టాయి. 2012లో తేలిందేమిటంటే ఒక కాంతి తంతువు కేబులు సరిగా బిగించి లేదు. కేబులును కనిపెట్టినవాళ్ళు ఆ ప్రయోగంవాళ్ళే.

గాజు పలకల మధ్య నింపే వాయువు గురించి చెప్పకపోతే ఈ వివరణ ఏకపక్షమవుతుంది. అది ప్రధానంగా కార్ల ఎ.సి.ల్లో వాడుతూ వచ్చిన టెట్రాఫ్లోరోఈథేన్. నూరేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడు కన్న సుమారు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. దాంట్లో కొద్దిగా కలిపే సల్ఫర్ హెక్సాఫ్లోరైడు అంతకన్న ఎన్నో రెట్లు. విశ్వం పుట్టుకను అర్థం చేసుకోవటానికి వాడే వాయువు మన వాతావరణానికి హాని చేస్తున్నది. ఐరోపాలో ఇలాంటి వాయువుల వాడకాన్ని చట్టం ద్వారా తగ్గిస్తున్నారు. సెర్న్‌లో వాయువును శుద్ధిచేసి తిరిగి వాడటమూ, బదులు వాయువులను పరీక్షించటమూ సాగుతున్నాయి. దీన్ని శాస్త్రజ్ఞులే రాసి ప్రకటించారు. సైన్సును పొగిడే కవులూ, తిట్టే కవులూ కూడా ఈ సంగతి ఎత్తినట్టు నేను చూడలేదు.

కొత్తగా తయారవుతున్న శోధకాల్లో కొన్నిటికి వాయువు అవసరం లేదు. ఎల్.హెచ్.సి.ని మరింత తీవ్రం చేసినప్పుడు, ప్రోటాన్ల గుంపులు ఒకదాన్నొకటి దాటిన ప్రతిసారీ 140 నుంచి 200 దాకా తాకిడులు ఒకేసారి జరుగుతాయని అంచనా. ఏ గీత ఏ తాకిడిదో తెలియనంత కిక్కిరింపు. అయితే ఒకేసారి అన్నది మన మాట. నిజానికి ఆ తాకిడులు కొన్ని వందల పికోసెకన్ల మేర ముందూ వెనకా జరుగుతాయి. 30 పికోసెకన్ల తేడాను పట్టే గడియారం వుంటే వాటిని విడదీయవచ్చు. అట్లాస్, సి.ఎం.ఎస్. ప్రయోగాలు దీనికోసం పలచని సిలికాన్ పలకల్ని సిద్ధం చేస్తున్నాయి. అలీస్ గాజు పట్టీ మీద గడి అగ్గిపెట్టె కన్న కాస్త చిన్నది. ఈ సిలికాన్ మీద ఒక్కొక్క గడి 1.3 మిల్లీమీటర్లు.